థర్మాకోల్ పెట్టెలో పిల్లలు

ఆ ఆదివారం ఉదయం వరహాలు పెట్టుకున్నది చాలా చిన్న పని. నలభై నత్తల్ని రెండు సీసాల్లో వేసుకుని, ఉక్కునగరం గేటు దగ్గర షేర్ ఆటో ఎక్కి గాజువాకలో దిగి, అక్కడ బస్సు పట్టుకుని సీతమ్మధారలో సాయిశంకర్ గారింటికి చేరి, వాటిని ఆయన అక్వేరియంలో వదిలేసి, భోజనం వేళకి తిరిగి వచ్చెయ్యడం. నత్తలంటే వానాకాలం పెరట్లో పాకేవి కావు. సముద్రపువి. వీపు మీద గుల్ల ఉండదు. గోరంత పొడుగు, ఒళ్ళంతా తెల్లటి నూగు. అరచేతిలో పెట్టి చూపించబోతే చాలామంది చెయ్యి వెనక్కి లాక్కునేవారు.

వరహాలు స్టీల్ ప్లాంటులో రోలింగ్ మిల్లు ఆపరేటరు. నలభై ఆరేళ్ళ మనిషి, తక్కువ మాట్లాడతాడు. నాలుగేళ్ళ క్రితం ఎక్కడో చూసి ముచ్చటపడి కొచ్చి నుంచి ఆరు నత్తల్ని పార్సిల్లో తెప్పించుకున్నాడు. క్వార్టరు వెనక వరండాలో ఇప్పుడవి మూడు వందలకు పైగా అయ్యాయి. వాటితో పనేమిటంటే, ఇళ్ళల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకుని పగడాలు పెంచేవాళ్ళకి ఒక పీడ ఉంటుంది. గోధుమరంగు పువ్వులా రాళ్ళకి అంటుకుని పెరిగే జంతువు అది. దానికి నోరు తిరగని పేరేదో ఉంది గానీ వరహాలు కలుపు అనేవాడు. అది పక్కనున్న పగడాన్ని కుట్టి కుట్టి చంపుతుంది. పీకేస్తే తెగిన ముక్క ముక్కా మళ్ళీ మొలుస్తుంది. ఈ నత్త తినేది ఆ కలుపు ఒక్కదాన్నే. అది దొరక్కపోతే ఒకదాన్నొకటి తిని చస్తాయి తప్ప వేరే మేత ముట్టవు.

అందుకని నత్తల్ని పెంచాలంటే ముందు కలుపు పెంచాలి. అందరూ చంపలేక ఏడ్చే ఆ కలుపుకి వరహాలు వారం వారం నీళ్ళు మార్చి, రొయ్యలు మెత్తగా నూరి పెట్టి, ఆరు టబ్బుల నిండా పెంచాడు.

నత్తల్ని అతను పిల్లలనేవాడు. మిల్లులో అనేవాడు, ఫోన్లో అనేవాడు. ఇంట్లో మాత్రం అనేవాడు కాదు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది. మొదటి పదమూడేళ్ళూ ఆస్పత్రులు తిరిగారు. తర్వాత ఆ ఇంట్లో ఆ మాట వాడడం ఇద్దరూ మానేశారు. అలా మానెయ్యాలని ఎవరూ అనుకోలేదు, అదే ఆగిపోయింది. అతని భార్య కుసుమకుమారి వాటిని జలగలనేది.

ఆ ఉదయం ఆరున్నరకి వరహాలు సీసాలు పట్టుకుని వెనక వరండాలోకి వెళ్ళాడు. ఆరు టబ్బులూ గోడకి బోర్లించి ఉన్నాయి. కొత్తగా కొన్నవాటిలా మెరుస్తున్నాయి.

"కుసుమా!"

ఆమె చీపురు పట్టుకుని వచ్చింది. "ఏటండీ?"

"టబ్బుల్లో నీల్లేవి?"

"పారబోసీసినాను. రేపు దోమలోల్లు ఇల్లిల్లూ తిరుగుతారని నిన్న మైకులో సెప్పి ఎల్లినారు కదా. నీల్లు నిలవుంటే నోటీసు ఇత్తారట. మీ జలగల గాజు తొట్లు ముట్టుకోనేదండి, ఆటికి మూతలున్నాయి. ఈ మురికి టబ్బులే సలసల కాగిన నీల్లు పోసి తోమీసినాను. ఎంత పాసి పట్టిందనుకున్నారు! నా సేతులు సూడండి."

వరహాలు ఆ చేతులు చూశాడు. ఎర్రగా పొంగి ఉన్నాయి. కలుపు కుట్టిన మచ్చలు మోచేతుల దాకా ఉన్నాయి. నాలుగేళ్ళ పంట కాలువలోకి పోయిందని ఆ చేతులకి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

"మంచి పని సేసినావు," అన్నాడు.

అప్పటికే నత్తలకి రెండు రోజులుగా మేత లేదు. కొత్త ట్యాంకులో వదలగానే చురుగ్గా పని మొదలెడతాయని, ఏ నలభై వెళ్తాయో ఇంకా ఏరకుండా వరహాలే అన్నిటినీ పస్తు పెట్టాడు. ఇక వాటికి తిండి ఉన్న చోటు అతనికి తెలిసి ఊళ్ళో ఒక్కటే. సాయిశంకర్ గారి ట్యాంకు. నలభై కాదు, అన్నిటినీ అక్కడికే చేర్చాలి. వరహాలు పెద్దవాటినీ చిన్నవాటినీ పద్నాలుగు సీసాల్లోకి ఎత్తి, సీసాల్ని తెల్లటి థర్మాకోల్ పెట్టెలో సర్ది, మూతకి చుట్టూ టేపు వేసి, గాలికి పైన నాలుగు చిల్లులు పొడిచాడు. కుసుమకుమారి ఉప్మా పెట్టి పిలిచేసరికి అతను గేటు దాటిపోయాడు. వరహాలు తినకుండా వెళ్ళడం ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు.

షేర్ ఆటోలో వెనక సీట్లో నలుగురు. వరహాలు పక్కన గంగాలమ్మ అనే చేపలమ్మే ఆవిడ కూర్చుంది. కాళ్ళ దగ్గర చేపల తట్ట. ఆటో కదిలీ కదలగానే ఫోను మోగింది.

సాయిశంకర్ గారు పోర్టులో పనిచేసి రిటైరయిన మనిషి. కిందటి ఏడాది ఆయన భార్య చనిపోయింది. ఆ పగడాలన్నీ ఆవిడ తొమ్మిదేళ్ళు పెంచినవి. ఇప్పుడు కలుపు వాటిని ఒక్కొక్కటిగా చంపుతోంది. మర్నాడు ఆవిడ సంవత్సరీకం. ట్యాంకులు శుభ్రం చేసేవాడొకడు పొద్దున్నే వచ్చి, రాళ్ళన్నీ తీసి ఉడకబెట్టడం తప్ప దారి లేదంటున్నాడట. ఉడకబెడితే కలుపుతో పాటు పగడాలూ పోతాయి. పన్నెండు దాకా ఆగమన్నాను, ఆ తర్వాత వాడు ఆగడు అని సాయిశంకర్ గారు చెప్పారు. ఇదంతా వరహాలు చెవిలోకే వెళ్ళింది. ఆటోలో మిగతావాళ్ళకి వినబడినది వరహాలు మాటలు మాత్రమే.

"వద్దు సార్, ఆడిని ఆపండి. పన్నెండు లోపల పిల్లల్ని తెచ్చి మీ ఇంట్లో వదిలేత్తాను... నలభై కాదు సార్, అందర్నీ తెచ్చేత్తన్నాను. ఇంక నా ఇంట్లో ఉంచలేను. మా ఆవిడ ఆల్ల తిండి మొత్తం పారబోసీసింది... లేదు సార్, ఆవిడకి తెలీదు. రెండ్రోజులై పస్తున్నారు. ఈ రోజు కూడా ఏటీ పడకపోతే ఒకల్నొకలు తినీడం మొదలెడతారు... మీరు గదిలో లైట్లు ఆపీసి ఉంచండి. వెలుగులో వదిలితే బెదిరిపోతారు. సీకట్లో వదిలితే ఏ గోలా ఉండదు."

అతను ఫోను జేబులో పెట్టుకునేసరికి ఆటోలో అందరూ అతని వైపే తిరిగి ఉన్నారు. గంగాలమ్మ అతన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఎంతమంది బావూ పిల్లలు?"

వరహాలు మనసు పన్నెండు గంటల మీద ఉంది. "సరిగ్గా లెక్కెట్టలేదమ్మా."

"లెక్కెట్టనేదా! నీ పిల్లలేనా?"

"నా సేతుల మీద పుట్టినోల్లే."

"ఆడపిల్లలా, మగపిల్లలా?"

"ఈల్లకి ఆ తేడా ఉండదమ్మా."

గంగాలమ్మ కాస్త పక్కకి జరిగింది. "మరి తల్లి?"

"మొన్న పోయింది. కన్న తరవాత ఎక్కువ రోజులు బతకరు."

"ఇప్పుడెవులికో ఇచ్చెత్తన్నావన్నమాట. ఆయనకెందుకు పిల్లలు?"

"ఆయన ఇంట్లో పని ఉంది. ఈల్లయితే శుభ్రంగా సేత్తారు. పని అయిపోయిన తరవాత ఇంక ఆల్లకి తిండి ఉండదు. పాపం, ఏటి సేత్తాం," అన్నాడు వరహాలు. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా అతనికి నిజంగానే బాధగా ఉండేది.

"ఇప్పుడెక్కడున్నారు ఆ పిల్లలు?" అంది గంగాలమ్మ.

వరహాలు ఒళ్ళో పెట్టె మూత మీద మెల్లగా తట్టాడు. "ఇందులోనే."

ఎదుటి సీట్లో ఎవరో కెవ్వుమన్నారు. ఆటో రోడ్డు మధ్యలో ఆగింది. గంగాలమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది. వరహాలు రెండు చేతులతో పెట్టెని గుండెకి హత్తుకుని, "మూత తియ్యకండమ్మా, వెలుగు తగిలితే సచ్చిపోతారు!" అని అరిచాడు. ఆ తర్వాత అతను నత్తలనీ, సముద్రపు నత్తలనీ ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళు లేరు. డ్రైవరు ఆటోని గాజువాక వైపు పోనివ్వలేదు. పక్క సందులోకి తిప్పి దారిలో ఉన్న పోలీస్ స్టేషన్ ముందు ఆపాడు. అప్పటికి వెనక మూడు బైకులు వస్తున్నాయి.

ఎస్సై ఆశ ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. ఫిర్యాదు విని ఆమె ముఖం పాలిపోయింది. పెట్టె ఇప్పుడే తెరవమని గంగాలమ్మ, తెరవొద్దని వరహాలు.

"నత్తలు మేడమ్. మీ ఒట్టు, ఉత్త నత్తలు."

"ఆటోలో పిల్లలన్నావట?"

"నాను అలాగే పిలుత్తాను మేడమ్."

"తల్లి చనిపోయిందన్నావట?"

"అదీ నత్తే మేడమ్."

లోపల ఏముందోనన్న భయం ఎస్సైకి కూడా లేకపోలేదు. రెవెన్యూ ఆఫీసు నుంచి సాక్షిగా ఒక ఉద్యోగి వచ్చాక అతని ఎదుటే తెరుద్దామంది. ఆదివారం కావడంతో ఆ ఉద్యోగి బావమరిది గృహప్రవేశంలో ఉన్నాడు. బయల్దేరుతున్నానన్నాడు. కానిస్టేబులు పెట్టెని తీసుకెళ్ళి, గాలి తగులుతుందని కిటికీలో పెట్టాడు. కిటికీలో గాలి లేదు. మే నెల ఎండ ఉంది.

"అక్కణ్నించి తియ్యండి బాబూ, ఉడికిపోతారు!" అన్నాడు వరహాలు.

"విన్నారా మేడమ్," అన్నాడు కానిస్టేబులు. "ఉడికిపోతారట."

పదకొండున్నరకి బల్ల మీదున్న వరహాలు ఫోను మోగింది. ఎస్సై ఎత్తి చెవిలో పెట్టుకుంది. అవతల సాయిశంకర్ గారు ఆత్రంగా, "వరహాలు గారూ, ఎక్కడిదాకా వచ్చారండీ? పిల్లల్లో ఎన్ని బతికున్నాయి?" అన్నారు.

"నేను ఎస్సైని మాట్లాడుతున్నాను. ఆ పిల్లల్ని తెప్పించుకుంటున్నది మీరేనా? మీ అడ్రసు చెప్పండి."

లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే ఫోను స్విచాఫ్ అని వచ్చింది. కానిస్టేబులు ఎస్సై వైపు అర్థవంతంగా చూశాడు. వరహాలు తల పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు.

ఇంటికి కబురు చెయ్యాలని కానిస్టేబులు కుసుమకుమారి నంబరుకి రెండుసార్లు చేశాడు. ఆమె ఎత్తలేదు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. తర్వాత దొరికిన నంబరు గవర్రాజుది. గవర్రాజు ఆమె తమ్ముడు, ఆటోనగర్‌లో లేత్ వర్క్‌షాపు నడుపుతాడు. కానిస్టేబులు తనకి తెలిసినదంతా పొదుపుగా చెప్పాడు. మీ బావ పిల్లల్ని ఎవరికో అప్పజెప్పబోతూ దొరికాడు. వాళ్ళ తల్లి మొన్న చనిపోయిందట. ఇంట్లో ఆవిడకి ఏమీ తెలియదట.

గవర్రాజు మిషను ఆపి, చేతులు కూడా కడుక్కోకుండా బైకు మీద ఉక్కునగరం వచ్చాడు.

"అప్పా, కూకో," అన్నాడు గుమ్మంలోనే.

"ఏటైందిరా? మీ బావకేటైనా అయిందా?"

"బావకేటీ అవలేదు. అయితే బాగుణ్ను. ఆయనకి ఇంకో సంసారం ఉందే. పిల్లలు కూడానంట. ఆ ఆడమనిషి మొన్న సచ్చిపోయిందట. ఈ రోజు ఆ పిల్లల్ని ఎవడికో పనికి ఒప్పజెప్పడానికి తీసికెల్తుంటే జనం పట్టుకుని టేసన్లో ఎట్టినారు."

కుసుమకుమారి కూర్చోలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. నాలుగేళ్ళుగా మొగుడు వెనక వరండాలో గంటల తరబడి కూర్చోవడం, తనలో తనే గొణుక్కోవడం, సెలవు రోజు వస్తే చాలు ఊళ్ళోకి వెళ్ళడం ఒకటొకటిగా ఆమెకి గుర్తొచ్చాయి. ఆ ఉదయం తినకుండా వెళ్ళిన సంగతి చివర గుర్తొచ్చింది.

"ఎంతమంది?" అంది.

"లెక్క సెప్పట్లేదట."

"ఏ వయసోల్లు?"

"నాకేటి తెలుసే! సిన్న పిల్లలనే అన్నాడు. నువ్వు పద. టేసన్లో అందరి ముందూ అడుగుదాం. నాను మనుసుల్ని కూడా రమ్మన్నాను."

"తిన్నారటా?"

"ఎవులు?"

"పిల్లలురా."

గవర్రాజు అక్కని వింతగా చూశాడు. "రెండ్రోజులై పస్తని సెప్పినాడు."

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రోకలి తెస్తుందనుకున్నాడు గవర్రాజు. అందుకు మనసులో సిద్ధపడ్డాడు కూడా. లోపల గిన్నెల చప్పుడయింది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. కుసుమకుమారి స్టీలు క్యారియరు పట్టుకుని బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకున్న ఆనవాలు ఉంది గానీ చీర మార్చుకుంది.

"ఏటది?"

"పెరుగన్నం. కారం ఎయ్యలేదు. కింద గిన్నెలో బంగాలాదుంప వేపుడు. పిల్లలు కదా."

"నీకు మతి పోయిందా అప్పా! ఆల్లెవరి పిల్లలో తెలుసా?"

"తల్లి పోయిందన్నావు కదా. మరింక ఆవిడతో నాకు తగువేటి?" అని ఆమె బైకు వెనక కూర్చుంది. దారిలో ఒక్కసారే మాట్లాడింది. దుకాణం దగ్గర ఆపమని బిస్కెట్లు రెండు పాకెట్లు కొంది. రెండు చాలతాయో చాలవో అని ఇంకో రెండు తీసుకుంది.

వాళ్ళు స్టేషన్ చేరేసరికి రెవెన్యూ ఉద్యోగి కూడా అప్పుడే వచ్చాడు. అతని నుదుట గృహప్రవేశం బొట్టు ఇంకా ఆరలేదు. గవర్రాజు పిలిచిన ఎనిమిది మంది వర్క్‌షాపు మనుషులు బయట నిలబడ్డారు. గంగాలమ్మ పొద్దుట్నుంచీ కదల్లేదు. ఆ పిల్లల సంగతి తేలేదాకా కదలనంది. తట్టలో చేపలు వాసన కొట్టడం మొదలయింది.

వరహాలు తలెత్తి భార్యని చూశాడు. ఏదో చెప్పబోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. ఎస్సై దగ్గరికి వెళ్ళింది.

"పిల్లలెక్కడమ్మా?"

ఎస్సై ఆశ కుర్చీలోంచి లేచింది. కిటికీలోని పెట్టె వైపు చెయ్యి చూపించింది.

అది మోకాలెత్తు పెట్టె. టేపు వేసి ఉంది. కుసుమకుమారి దాన్ని చూసింది, మళ్ళీ ఎస్సై మొహం చూసింది. ఆమె ముందుకు తూలింది. గంగాలమ్మ వచ్చి పట్టుకుంది. క్యారియరు మాత్రం చెయ్యి జారలేదు.

పెట్టె బల్ల మీదికి తెచ్చారు. కానిస్టేబులు బ్లేడుతో టేపు కోశాడు. గవర్రాజు కళ్ళు మూసుకున్నాడు. మూత లేచింది. లోపల పద్నాలుగు పచ్చడి సీసాలు, సీసాల్లో వెచ్చబడ్డ ఉప్పునీళ్ళు. అడుగున తెల్లటి నలకలు పేరుకుని ఉన్నాయి. రెవెన్యూ ఉద్యోగి కళ్ళజోడు పెట్టుకుని ఒక సీసా ఎత్తి వెలుగులో తిప్పాడు.

"ఏమిటివి?"

"పిల్లలు," అన్నాడు వరహాలు. ఇంకో సీసా ఎత్తి చూశాడు. "పిల్లలే సార్. సచ్చిపోయారు."

రెవెన్యూ ఉద్యోగి తన చేతిలోని సీసాని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"ఓలమ్మ," అంది గంగాలమ్మ చివరికి. "జెలగలు."

"ఈ ముక్క ముందే సరిగ్గా చెప్పొచ్చు కదయ్యా!" అంది ఎస్సై. ఆమెకి ఏడుపూ నవ్వూ రెండూ వస్తున్నాయి.

"సెప్పినాను మేడమ్. పొద్దుట్నుంచీ సెప్తన్నాను."

గవర్రాజు బయటికి వెళ్ళి తన ఎనిమిది మందినీ ఏదో ఒకటి చెప్పి పంపించేశాడు. ఏం చెప్పాడో తర్వాత ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

కుసుమకుమారి బల్ల దగ్గరికి వచ్చి సీసాలోకి వంగి చూసింది. ఆమె ముఖంలో ఊరట వస్తుందని అందరూ అనుకున్నారు. మొగుడికి ఇంకో సంసారం లేదు. పస్తులున్న పిల్లలు లేరు. చనిపోయిన ఆడమనిషి లేదు. అది మంచి వార్తే. ఆమె మాత్రం బిస్కెట్ల సంచి ఒక చేతిలో, క్యారియరు ఒక చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటిది?" అన్నాడు వరహాలు.

"పెరుగన్నం."

"ఎవరికి?"

ఆమె బిస్కెట్ల సంచి బల్ల మీద పెట్టింది. వరహాలుకి కొంచెం ఆలస్యంగా అర్థమయింది. అర్థమయ్యాక అతను ఆ క్యారియరు వైపు చూడలేకపోయాడు. ఆమె బెంచీ మీద అతని పక్కన కూర్చుని మూత తీసింది.

"తినండి. పొద్దుట్నుంచి ఏటీ తినలేదు."

అతను తిన్నాడు. తింటూంటే, ఆటికి తిండేటి పెడతారు మీరు, అని ఆమె అడిగింది. అతను చెప్పాడు. టబ్బుల్లో ఉన్నది మురికి కాదని అప్పుడే ఆమెకి తెలిసింది. ఆమె తన చేతుల మీది ఎర్రమచ్చలు ఒకసారి చూసుకుంది. "ఒక్క మాట ముందే సెప్పుంటే ఏటి పోయీది?" అంది. "నువ్వు అంత కష్టపడి తోమినావు," అన్నాడు వరహాలు. మిగిలిన పెరుగన్నం గంగాలమ్మకి పెట్టారు. పొద్దుట్నుంచీ ఆవిడా ఏమీ తినలేదు. బేరం కూడా పోయింది.

అన్ని సీసాలూ వెతికితే ఇరవై మూడు నత్తలు కదులుతూ కనబడ్డాయి. వాటిని ఒక్క సీసాలోకి చేర్చి, మొగుడూ పెళ్ళాలిద్దరూ సీతమ్మధార వెళ్ళేసరికి మూడు దాటింది. సాయిశంకర్ గారి తలుపు తీసే ఉంది. హాల్లో ట్యాంకు ఖాళీగా ఉంది. అడుగున జానెడు బురద నీళ్ళు. పెరట్లో గాడిపొయ్యి మీద పెళ్ళి వంటల గుండిగ ఉడుకుతోంది. అందులో రాళ్ళు. పక్కన బకెట్లో, నిన్నటిదాకా ఊదారంగులోనూ ఆకుపచ్చగానూ ఉన్న పగడాలు జిగురు కారుతూ పడి ఉన్నాయి.

"పోలీసులన్నారండీ," అన్నారు సాయిశంకర్ గారు. ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నారు. "ఈ నత్తల్ని తెప్పించుకోవడం నేరమేమో అనుకున్నాను. ఇంటికి వస్తారనుకున్నాను. రేపు సంవత్సరీకానికి అమ్మాయీ అల్లుడూ వస్తున్నారు. ఇల్లంతా పోలీసులుంటే బాగుండదని... వాణ్ణి కానిచ్చెయ్యమన్నాను. పావుగంటలో ట్యాంకు ఖాళీ అయిపోయింది."

వరహాలు ఆయన పక్కన కూర్చున్నాడు. ఆయన వరహాలుని ఏమీ అనలేదు. వరహాలు ఆయన్ని ఏమీ అనలేదు. ఆ రోజు తప్పు చేసినవాళ్ళు ఎవరని వెతికితే ఒక్కరూ దొరకరు. అందరూ మంచి పనే చేశారు.

కుసుమకుమారి పెరట్లో బకెట్ దగ్గర వంగి చూస్తోంది. బకెట్ వెనక, పొయ్యికి చేరకుండా దొర్లిపోయిన పిడికెడు రాయి ఒకటి ఆమెకి కనబడింది. దాని మీద గోధుమరంగు పువ్వులు నాలుగు ముడుచుకుని ఉన్నాయి.

"ఏటండీ, ఇదేనా కలుపు?"

"అదే," అన్నాడు వరహాలు, లేచి వెళ్ళి చూసి.

"తీసుకెళ్ళండమ్మా," అన్నారు సాయిశంకర్ గారు. "అదొక్కటే మిగిలింది."

ట్యాంకు అడుగున మిగిలిన ఉప్పునీళ్ళు క్యారియరు గిన్నెలో పోసి, ఆ రాయిని అందులో పెట్టుకుని, నత్తల సీసా మొగుడికిచ్చి ఆమె బస్సెక్కింది. కూర్చోవడానికి చోటు దొరికినా, ఎవరైనా తగులుతారని గాజువాక దాకా నిలబడే వచ్చింది.

అంతటితో అయిపోయిందనుకున్నారు. గురువారం మధ్యాహ్నం ఫైలు పట్టుకుని ఒకావిడ తలుపు తట్టింది. పేరు పుష్ప. పిల్లల సంక్షేమం చూసే జిల్లా ఆఫీసు నుంచి వచ్చానంది. ఆదివారం బైకుల మీద వెంట వచ్చినవాళ్ళలో ఎవరో హెల్ప్‌లైనుకి ఫోను చేశారట. స్టేషన్‌లో తేలిపోయినా, కంప్యూటర్‌లో ఎక్కిన ఫిర్యాదు ఇల్లు చూసి రిపోర్టు రాస్తే గాని మూతపడదట.

"పిల్లల్ని చూపించండి," అంది ఆవిడ, కుర్చీలో కూర్చుని.

వరహాలు ఆవిడని వెనక వరండాలోకి తీసుకెళ్ళి, మిగిలిన నత్తలున్న గాజు తొట్టి చూపించాడు. ఆవిడ చాలాసేపు చూసింది. ఏదో రాసుకుంది. "ఇంట్లో ఇంకెవరూ లేరా?" అని అడిగింది.

"లేరు," అన్నాడు వరహాలు.

ఆవిడ రెండు గదులూ, వంటిల్లూ, మందుల అలమరా చూసింది. పిల్లలు పడిపోయే బావి, మేడమెట్లు లాంటివి ఏమీ లేవని రాసుకుంది. వరహాలు తాగుతాడా అని పక్కింటివాళ్ళని కూడా అడిగి వచ్చింది. చివరికి ఫిర్యాదులో నిజం లేదని రాసి సంతకాలు పెట్టించుకుని, పెన్ను సంచిలో వేసుకుని లేచింది. అప్పుడు గుమ్మంలో నిలబడి ఉన్న కుసుమకుమారి నోరు విప్పింది.

"అమ్మా, ఒక మాట. ఎవరైనా పిల్లల్ని అలా వదిలేత్తే... మీరు పట్టుకుంటారు కదా. తరవాత ఆ పిల్లల్ని ఏటి సేత్తారు?"

పుష్ప ఆమె వైపు చూసింది. మళ్ళీ కూర్చుంది. ఉద్యోగంలో ఆ ప్రశ్న ఆవిడ చాలామంది నోట విని ఉంటుంది. అడిగే గొంతుని బట్టి అది ఏ ప్రశ్నో తెలుసుకుని ఉంటుంది.

"మీ ఇద్దరి వయసులెంత?"

"నాకు నలభై ఒకటి. ఆయనకి నలభై ఆరు."

"చంటిబిడ్డ కావాలంటే కుదరదు. కొంచెం పెద్ద పిల్లలైతే కుదరొచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టాలి. మీకంటే ముందు చాలామంది ఉన్నారు. ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకపోనూ వచ్చు. మీకిప్పుడే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు."

"పంతొమ్మిదేళ్ళయిందమ్మా," అంది కుసుమకుమారి. "ఇంకొన్నేళ్ళకి ఏటి."

వరహాలు వెళ్ళి టేబుల్ సొరుగులోంచి కలం తెచ్చి కూర్చున్నాడు. అది చూసి పుష్ప ఫైల్లోంచి నాలుగు పేజీల కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ముందు దీని మీద రాసుకోండి, కంప్యూటర్‌లో నేను ఎక్కిస్తాను అంది.

పేర్లు రాశాడు. ఊరు రాశాడు. ఉద్యోగం, రక్తం గ్రూపు, పెళ్ళి తేదీ రాశాడు. పెళ్ళి తేదీ కుసుమకుమారి చెబితే కొట్టేసి మళ్ళీ రాశాడు.

‘ప్రస్తుతం ఇంట్లో ఉన్న పిల్లల సంఖ్య’ అన్న గడి దగ్గర అతను కలం ఆపి, ఇవాళ ఎంతమంది ఉన్నారో చూసి వస్తానని లేవబోయాడు. కుసుమకుమారి కలం లాక్కుని సున్నా చుట్టింది.